బ్యాంకు సర్వే అయిపోయింది కదా, ఇంకేం భయం?

నేను ఖమ్మంలో ఉండే సివిల్ ఇంజినీర్‌ని. బ్యాంకులు హోమ్ లోన్ ఇచ్చే ముందు ఒక మనిషిని పంపించి ఇంటికి విలువ కట్టిస్తాయి కదా, ఆ మనిషిని నేనే. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం... ఈ అడవి అంచంతా బైక్ మీద తిరుగుతుంటా. ఈ రోజు ఎపిసోడ్ నా పని గురించే. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

నన్ను ఎక్కువమంది అడిగే మాట ఇది: "అన్నా, బ్యాంకువాళ్లు సర్వే చేసి ఓకే అన్నారు. ఇంక కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చుగా?" బ్యాంకు ఓకే అన్నది అప్పుకి. ఇంటికి కాదు. ఈ తేడా నాకు కూడా ఒక ఫోన్ కాల్ వచ్చాకే గట్టిగా తెలిసొచ్చింది.

2021లో భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డునున్న ఒక ఊళ్లో ఇల్లు చూడ్డానికి వెళ్లా. కొనేది ఒక కోయ టీచరమ్మ. ఆ రోజు నాకు నాలుగు సైట్లు, ఒక్కో రిపోర్టుకు పదిహేను వందలు. అందులోనే పెట్రోలు, అందులోనే టైపింగు. అరగంటలో టేపు పెట్టి కొలిచా, నాలుగు వైపులా హద్దులు చూశా, ఫోటోలు తీశా, వచ్చేశా. రిపోర్టులో ఒక్క కొలతా తప్పు లేదు. లోన్ వచ్చింది.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. ఇంక ఆ ఇంటి సంగతి మీరే అర్థం చేసుకోండి. కిటికీల పైదాకా నీళ్లు. ఆమె ఫోన్ చేసింది. "తమ్ముడూ, నువ్వొచ్చి చూసిపోయావుగా. నీళ్లొస్తాయని ఒక్క మాట చెప్పలేదేం?"

"మేడం, అది మా ఫార్మాట్‌లో లేదు" అన్నా. అబద్ధం కాదు. కానీ ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఎదురింటి అరుగు మీద ఒక తాత కూర్చుని ఉన్నాడు. 1986లో అదే గోదావరి 75.6 అడుగులు వచ్చింది. ఆయన్ని అడిగితే నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించేవాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు.

సరే, అసలు ఈ సర్వేలో ఏం చేస్తామో చెప్తా. కాగితాల్లో ఉన్న కొలతలు, నేల మీద ఉన్న కొలతలు ఒకటేనా చూస్తాం. ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది, చుట్టుపక్కల గజం ఎంతకు పోతోంది, రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన ధర ఎంత, రేపు హడావుడిగా అమ్మాల్సి వస్తే ఎంత వస్తుంది... ఇవి రాస్తాం. గోడ పగలగొట్టి చూడం. స్లాబులో ఇనుము తుప్పు పట్టిందా అని చూడం. ఎందుకంటే బ్యాంకు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి కట్టకపోతే, ఈ ఇల్లు అమ్మి మా డబ్బు రాబట్టుకోగలమా? మీ ప్రశ్న వేరు: ఇరవై ఏళ్లు నేను ఇక్కడ బతకగలనా? ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, దానికి డబ్బులూ ఇవ్వలేదు.

అలాగని ఈ సర్వే దండగ అనుకోకండి. అమ్మేవాడి మనిషి కాని ఇంకో కన్ను ఆ ఇంటి మీద పడుతుంది. ఒక లెక్క చూడండి. మీరు 20 లక్షలకు బేరం కుదుర్చుకున్నారు. మా రిపోర్టులో 17 లక్షలు వచ్చింది. 30 లక్షల లోపు ఇంటి లోన్లకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు, ఇంటి విలువలో 90 శాతం. అంటే మీకు మహా అయితే 15 లక్షల 30 వేలు వస్తుంది. మిగతా 4 లక్షల 70 వేలు మీరే తెచ్చుకోవాలి. అప్పుడందరూ నా మీద పడతారు, "కొంచెం పెంచి రాయి బ్రదర్" అని. పెంచి రాస్తే ఇంటి విలువ పెరగదు, మీ అప్పు పెరుగుతుంది. తక్కువ వచ్చిన రిపోర్టు చేతిలో పెట్టుకుని బేరం తగ్గించండి. అదే దాని అసలు ఉపయోగం.

ఇప్పుడు మీ ఫోన్ల సంగతి. "అన్నా, యాప్‌లో ప్లాటు చుట్టూ నడిస్తే గజాలు వచ్చేస్తున్నాయి, ఇంక మీరెందుకు?" అంటారు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద ఇంకా ఎక్కువ. 150 గజాల ప్లాటు అంటే 30 అడుగులు బై 45 అడుగులు. ముప్పై అడుగులంటే 9 మీటర్లే. 9 మీటర్ల దాంట్లో 5 మీటర్ల తేడా వస్తే పక్కింటి బావి కూడా మీదే అయిపోతుంది! పదెకరాల చేనుకి ఒక అంచనాగా పనికొస్తుంది. ఇంటి స్థలానికి టేపే కావాలి.

ఇంకోటి, మన ఏరియాలో అన్నిటికన్నా పెద్దది. ఖమ్మం నుంచి భద్రాచలం రోడ్డెక్కితే దారిలో చట్టమే మారిపోతుంది. షెడ్యూల్డ్ ఏరియాలో 1/70 చట్టం ఉంది, అంటే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. అక్కడ స్థిరాస్తిని గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మినా, ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా అంతే. ఒకే మండలంలో కొన్ని ఊళ్లు షెడ్యూల్డ్, కొన్ని కావు. అయినా నోటరీ కాగితాల మీద అమ్మకాలు నడుస్తూనే ఉంటాయి. ఆ కాగితాలు ఈసీలో కనపడవు. పోడు పట్టా ఉందనుకోండి, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది, అది పిల్లలకు వస్తుంది గానీ అమ్మడానికి లేదు. నా టేపు గోడ పొడవు చెప్తుంది. ఆ గోడ ఎవరిదో చెప్పదు.

ఇది మన దగ్గరే ఉన్న గొడవ కాదు. ఇంగ్లండ్‌లో నార్విచ్ అనే ఊళ్లో ఒకావిడ 40 పౌండ్లు కూడా లేని ఫీజు కట్టి, లోన్ సంస్థ చేయించిన సర్వే నమ్మి ఇల్లు కొన్నది. లోపల పొగగూడు కింది గోడ తీసేసి, పై భాగాన్ని ఆధారం లేకుండా వదిలేశారు. ఆధారం ఉందో లేదో సర్వేయర్ చూడలేదు. తర్వాత అది కూలి ఇంటి మీద పడింది. "మా రిపోర్టుకు మేం బాధ్యులం కాము" అని కాగితంలో ముందే రాసుకున్నా, 1989లో అక్కడి అత్యున్నత కోర్టు ఒప్పుకోలేదు. చిన్న ఇల్లు కొనేవాళ్లు ఆ రిపోర్టునే నమ్ముకుంటారని సర్వేయర్‌కి తెలుసు, కాబట్టి జాగ్రత్తగా చూడాల్సిందే అంది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు టీచరమ్మ గొంతే వినపడింది.

మరి మీరేం చేయాలి? బ్యాంకు చేయించిన రిపోర్టు కాపీ అడగండి. ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. అడవి పక్క స్థలమైతే ఫారెస్టు వాళ్ల హద్దు రాయి ఎక్కడుందో అక్కడికెళ్లి చూడండి. ఏటి ఒడ్డయితే నలుగురు ముసలోళ్లని అడగండి, '86లో ఎక్కడిదాకా, '22లో ఎక్కడిదాకా అని. ఆఖరిది, మీ సొంత డబ్బుతో ఒక ఇంజినీర్‌ని పెట్టుకుని సగం పూట ఆ ఇంట్లో తిప్పండి. పాతిక లక్షల ఇంటికి ఐదారు వేలు ఖర్చు చేయడానికి ఆలోచిస్తాం, గృహప్రవేశం ఫోటోలకి మాత్రం ఆలోచించం.

ఆ టీచరమ్మ అదే ఇంట్లో ఉంది, ఈఎంఐ కడుతూనే ఉంది. నేను మాత్రం ఇప్పుడు ఏటి దగ్గర ఇల్లు చూస్తే, ఫార్మాట్‌లో గడి లేకపోయినా చివర ఒక లైన్ రాస్తా: 2022లో నీళ్లు ఇక్కడ ఇన్ని అడుగులు. ఫీజు మాత్రం పెరగలేదు. పర్లేదు, ఆ లైన్ మాత్రం ఆపను.

మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే ఇది వినిపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.