గుల్మార్గ్ మంచుకూ ఒక అదనుంది

ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో ఫొటోలు దిగే కొత్త జంటలను తర్వాత ఎక్కడికని అడిగితే ఇప్పుడు చాలామంది కశ్మీర్ పేరే చెబుతున్నారు. 2021లో మా ఊళ్లో విమానాశ్రయం వచ్చింది కాబట్టి ఇక్కడే ఎక్కి శ్రీనగర్‌లో దిగొచ్చు అనుకునేవాళ్లూ ఉన్నారు. అట్ల కుదరదు, హైదరాబాదుకో బెంగళూరుకో పోయి ఎక్కాల్సిందే. అది పెద్ద సంగతి కాదులెండి. టికెట్లు కొనేటప్పుడు అందరూ హోటల్ చూస్తారు, ధర చూస్తారు, ఫొటోలు చూస్తారు. అక్కడ ఆ వారం మంచు పడుతుందా లేదా అని మాత్రం ఎవరూ చూడరు. సినిమాల్లో గుల్మార్గ్ ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది మరి!

2024 జనవరి రెండో వారంలో, సంక్రాంతి సెలవుల్లో నేను పోయినప్పుడు గుల్మార్గ్ తెల్లగా లేదు. ఎండిపోయిన గడ్డి, మట్టి రంగు వాలు, మధ్యమధ్య నీడ పట్టున నాలుగు తెల్ల మరకలు. కోతలైపోయిన మా మెట్ట చేను ఎట్ల ఉంటుందో అచ్చం అట్లనే. బయల్దేరేముందే వార్తల్లో చూశాను. చలికాలంలో గుల్మార్గ్ ఇంత పొడిగా ఉండటం ఎప్పుడూ చూడలేదని అప్పటికి మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న ఒమర్ అబ్దుల్లా ఫొటోలు పెట్టారు. డిసెంబరులో కశ్మీర్ లోయలో 79 శాతం లోటు, జనవరి సగం గడిచినా చుక్క లేదు. టికెట్ల డబ్బు తిరిగి రాదు కాబట్టి పోయాం.

అక్కడ మంచు మీద చెక్కబండి లాగి బతికే ఒక పెద్దాయన బండిని పక్కన నిలబెట్టి కాంగ్డీ కుంపటి మీద చేతులు కాచుకుంటున్నాడు. మా కర్నూలు ఉర్దూ విని మొదట నవ్వాడు, తర్వాత కూర్చోమన్నాడు. "చిల్లై కలాన్ వట్టిదే పోతోంది భాయ్, పొద్దుట్నుంచి ఒక్క బేరం లేదు" అన్నాడు. చిల్లై కలాన్ అంటే డిసెంబరు 21 నుంచి నలభై రోజులు. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఇంకో పది రోజులు చిల్లై బచ్చా. మన రోహిణి, మృగశిర, ఆరుద్ర లాంటి లెక్కే అనుకోండి, కాకపోతే అది చలి లెక్క.

నలభై రోజుల్లో పడకపోతే తర్వాత ఇరవై రోజుల్లో పడుతుందిగా, ఏమైంది అని అడిగాను. ఆయన చెప్పిన జవాబు మా ఊరి రైతు చెప్పేదే. గట్టి చలిలో పడిన మంచు కొండ మీద గడ్డకట్టి ఎండాకాలం దాకా నిలుస్తుంది. ఫిబ్రవరి దాటాక పడింది నాలుగు ఎండలకే కరిగి వాగులో కలిసిపోతుంది. అంటే ఎంత పడిందన్నదొక్కటే కాదు, ఎప్పుడు పడిందన్నది కూడా లెక్కే. మనం అదను అంటాం చూడండి, అదే. కంది వేయాల్సిన వాన ఆశ్లేష కార్తెలో పడితే ఏం చేసుకుంటాం?

ఇంకో సంగతి ఆయనతో చెప్పాను. అంతకుముందు ఆగస్టు మన దేశానికి 1901 నుంచి చూస్తే అన్నిటికంటే పొడి ఆగస్టు. ఆ ఖరీఫ్‌కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. ఒక్క కర్నూలు జిల్లాలోనే 24. మా వాన ఎగ్గొట్టిన ఏడాదే వాళ్ల మంచూ ఎగ్గొట్టింది. రెండుచోట్లా వాతావరణ శాఖవాళ్ల నోట ఎల్‌నినో పేరు వినిపించింది. ఆయన ఎల్‌నినో అనే మాట అప్పటికే విన్నాడట. మా ఊరి రచ్చబండ మీద కూడా ఆ మాట తెలియనివాళ్లు లేరు.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. మంచు సూచన చదవడం కష్టమేమీ కాదు, వాన కోసం ఆకాశం చూసిన కళ్లకు మరీ తేలిక.

ముందుగా, అక్కడికి మంచు తెచ్చేది మన నైరుతి కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలులతో కొట్టుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్. మనకు బంగాళాఖాతంలో వాయుగుండం ఎట్లనో వాళ్లకు ఇది అట్ల. శ్రీనగర్ వాతావరణ కేంద్రం ఫలానా రోజుల్లో గట్టి డిస్టర్బెన్స్ వస్తోందని చెప్పిందా, మంచుకు ఆశ ఉన్నట్టే. మూడు రోజుల ముందు చెప్పింది చాలావరకు నమ్మొచ్చు. వారం ముందుదైతే సగం నమ్మండి. పదిహేను రోజుల తర్వాత ఫలానా తేదీన ఇన్ని అంగుళాలు అని ఫోన్‌లో ఏ యాప్ చూపించినా అది పంచాంగంతో సమానం.

రెండోది ఎత్తు. కిలోమీటరు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. గుల్మార్గ్ మైదానం 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గండోలా, అంటే తీగ మీద నడిచే డబ్బా, మొదటి అంచెలో కొంగ్‌డూరి దాకా, రెండో అంచెలో అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. ఒకే మబ్బు కింద టాంగ్‌మార్గ్‌లో వాన, గుల్మార్గ్‌లో తడి మంచు, అఫర్వత్ మీద పొడి మంచు పడొచ్చు. అందుకే మంచి సూచనల్లో కింద, మధ్య, పైన అని మూడు లెక్కలిస్తారు, గాలి ఏ ఎత్తున సున్నా డిగ్రీలకు దిగుతుందో కూడా రాస్తారు. ఆ గీత 3,000 మీటర్ల దగ్గరుంటే మైదానంలో మీకు దొరికేది వానో, సగం కరిగిన ముద్దో.

మూడోది కొలత. మనవాళ్లు వానను మిల్లీమీటర్లలో చెప్పరు, పదునులో చెబుతారు. మంచుకూ అట్లాంటి లెక్క ఒకటుంది. పది అంగుళాల కొత్త మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీళ్లు. తడి మంచైతే నీళ్లు ఇంకా ఎక్కువ, గడ్డకట్టే చలిలో పడిన పొడి మంచైతే తక్కువ. స్కీయింగ్ చేసేవాళ్లు వెతికేది ఈ పొడి మంచునే. బొంబాయి రవ్వలాగా ఉంటుంది, పిడికిట పట్టి నొక్కినా ముద్ద కాదు. దానికోసమే విదేశాల నుంచి గుల్మార్గ్ వస్తారు. మొదటిసారి కాళ్లకు స్కీ పలకలు కట్టుకునే మనలాంటివాళ్లకు అంత అక్కర్లేదు. మైదానం పక్క చిన్న వాలు మీద అడుగు మందాన తొక్కి చదును చేసిన మంచు చాలు. పగలు ఎండకు కరిగి రాత్రికి గడ్డకట్టిన మంచు మాత్రం తెల్లారేసరికి గాజులాగా ఉంటుంది. దాని మీద పడితే నడుము గుర్తుపెట్టుకుంటుంది. అట్లాంటి రోజుల్లో పది దాటాక, పైపొర కొంచెం మెత్తబడ్డాక దిగడం మేలు.

నాలుగోదాన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు. అది మంచుచరియల హెచ్చరిక. చాలాకాలం పొడిగా ఉండి, పాత మంచు పలచగా, రాళ్ల ఉప్పులాగా పట్టు లేకుండా తయారైనప్పుడు దాని మీద ఒక్కసారిగా కొత్త మంచు బరువు పడితే పైపొర జారిపోతుంది. బీటలిచ్చిన నేల మీద కుండపోత పడితే పైమన్ను కొట్టుకుపోయినట్టు. పడక పడక 2024 జనవరి నెలాఖరులో మంచు పడింది, ఫిబ్రవరిలో బాగా పడింది, 21 నుంచి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా అక్కడే జరిగాయి. ఆ పోటీలు జరుగుతుండగానే 22న పై వాలుల్లో చరియ విరిగిపడి రష్యా నుంచి వచ్చిన ఒక స్కీయర్ చనిపోయారు. గండోలా పై అంచె గాలికి ఆపేశారనో, హెచ్చరిక ఉందనో చెబితే డబ్బు కట్టాం కదా అని కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకునే మనవాళ్లను చూశాను. అక్కడ ఆపినవాడే మన మేలు కోరేవాడు.

మరి ఎప్పుడు పోవాలి? మన సెలవుల అదను వేరు, మంచు అదను వేరు. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో మంచు కొన్నేళ్లు ఉంటుంది, కొన్నేళ్లు ఉండదు. నన్నడిగితే జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం మధ్య, రెండు రోజులు అటూఇటూ జరుపుకునే వీలుంచుకుని పొమ్మంటాను. అదీ ఖాయం కాదు. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన గుల్మార్గ్ పోటీలు మంచు చాలక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 దాకా జరిగాయి. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో యంత్రాలతో మంచు తయారుచేసే ఏర్పాటు పెట్టారు కానీ, ఆ యంత్రానికీ నీళ్లు కావాలి, సున్నాకు దిగిన చలి కావాలి. మన సీమ మీద మేఘమథనం చేసిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ తంటా కొత్త కాదు. మబ్బు లేనిదే దేన్ని చిలుకుతారు?

పోయినవాళ్లకు మంచు దొరక్కపోతే ఒక ట్రిప్పు పాడవుతుంది, అంతే. అక్కడివాళ్లకు అది ఏడాది నీళ్లు. కొండ మీద నిలిచిన మంచే ఎండాకాలంలో ఊటలై, వాగులై, జీలం నదిలోకి దిగి వరి మళ్లకూ ఆపిల్ తోటలకూ చేరుతుంది. మా జిల్లాలో ఏడాదికి పడాల్సిందే 670 మిల్లీమీటర్లు, పడినప్పుడు పట్టుకోవడానికి చెరువులూ కుంటలూ ఉన్నాయి. వాళ్ల చెరువు కొండ నెత్తి మీద ఉంటుంది. ఆ జనవరిలో అది ఖాళీగా ఉంది.

తిరిగొచ్చాక ఇదంతా చెబితే మా నాయన నమ్మలేదు. "వాన పళ్లేదని ఏడ్చేటోళ్లను చూసినా గానీ, మంచు పళ్లేదని ఏడ్చేటోళ్లు గూడా ఉంటారేమిరా" అన్నాడు. ఫిబ్రవరి మొదట్లో ఆ చెక్కబండి పెద్దాయన ఒక వీడియో పంపాడు. ఆయన బండి సగం మునిగిపోయి ఉంది, వెనకాల పిల్లలు అరుస్తున్నారు. నాయన కళ్లద్దాలు తెప్పించుకుని రెండుసార్లు చూశాడు.

"ఎంత లోతంట?"

"మోకాలి లోతు నాయనా. అడుగున్నర."

"నీళ్ల లెక్కన చెప్పు."

రెండంగుళాలకు కొంచెం తక్కువ అన్నాను.

"ఒక పదునుకు సరిపోతాది" అని ఫోన్ చేతికిచ్చాడు.