పట్టికలో చేరని గ్రంథాలు: ఫ్రాంస్వా బోవాన్ కృషి

గ్రీకులో 'అపోక్రిఫా' అంటే దాచినవి అని అర్థం. క్రైస్తవ సంఘం బైబిలులో చేర్చుకోని పాత గ్రంథాలకు ఆ పేరు స్థిరపడింది. మన 'ప్రక్షిప్తం' దీనికి సమానార్థకం కాదు. ప్రక్షిప్తం ఒక గ్రంథంలో తరవాత ఎవరో చొప్పించిన భాగం. అపోక్రిఫా విడిగా నిలిచిన రచన. ఈ రచనల విలువ తెలిపినవారిలో స్విట్జర్లాండు పండితుడు ఫ్రాంస్వా బోవాన్ (1938–2013) ముఖ్యుడు.

లోజాన్‌లో పుట్టిన బోవాన్ 1967 నుంచి 1993 వరకు జెనీవాలోను, ఆపైన 2010 వరకు హార్వర్డులోను బోధించారు. లూకా సువార్తకు విపులమైన వ్యాఖ్య రాశారు. బైబిలు వెలుపలి గ్రంథాల మీదా అంతే శ్రద్ధ పెట్టారు.

1974లో ఆయనకు, సహచరుడు బెర్త్రాన్ బూవియేకు గ్రీసులోని ఆతోస్ కొండ మీద, క్సెనోఫోన్తోస్ మఠంలో, 14వ శతాబ్దపు రాతప్రతి ఒకటి కనిపించింది. అందులో 'ఫిలిప్పు కార్యములు' ఉంది. 1903లో అచ్చయిన పాఠంలో లేని 11 నుంచి 14 వరకు అధ్యాయాలు ఇందులో దొరికాయి. 12వ అధ్యాయంలో చిరుతపులి, మేకపిల్ల మనుషుల్లా మాట్లాడి, ప్రభురాత్రి భోజనంలో తమకూ పాలు ఇమ్మని వేడుకుంటాయి. మొదటి అధ్యాయంలో సంఘంలోని స్త్రీ పెద్దల ప్రస్తావన ఉంది. ఈ గ్రంథం సమగ్ర పరిష్కరణ 1999లో వెలువడింది. ప్రతి దొరికాక పాతికేళ్లు పట్టిందన్నమాట!

ఇంతగా మరుగుపడ్డ గ్రంథంలో ఫిలిప్పు హతసాక్షి కథ మాత్రం అనేక ప్రతుల్లో నిలిచింది. ఎందుకు? ఆ అపొస్తలుడి పండుగనాడు దాన్ని చదివేవారు. చదివేవారున్న భాగానికి నకళ్లు పుట్టాయి. తక్కినది మఠాల అరల్లో మిగిలిపోయింది.

అందుకే గ్రంథాలను ఆమోదితాలు, తిరస్కృతాలు అని రెండుగానే విడదీయడం చాలదని బోవాన్ వాదించారు. ప్రమాణగ్రంథాలు కాకపోయినా ఆత్మకు మేలు చేసేవిగా జనం చదువుకొన్న మూడో వర్గం ఉందన్నారు. పట్టిక చూస్తే సంఘాధికారుల నిర్ణయం తెలుస్తుంది. సామాన్య విశ్వాసి ఏం విన్నాడో, దేన్ని దాచుకొన్నాడో తెలియాలంటే ఈ మూడో వర్గాన్నే చూడాలి.

రాతప్రతులతో పనిచేసే విద్యార్థులు దీని నుంచి ఒక జాగ్రత్త నేర్చుకోవచ్చు. పొడుగు పాఠం కనబడగానే అదనపు భాగం ప్రక్షిప్తమని తీర్మానించకూడదు. పొట్టి పాఠమే కత్తిరింపు కావచ్చు. ఈ ప్రతిని ఎవరు, ఎప్పుడు, దేనికోసం రాయించుకొన్నారని ముందు అడగాలి. తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలు విప్పేవారికీ ఆ ప్రశ్న తప్పదు.