మీకు తెలుసా? కిరణం ఒకచోట, కరిగే కణితి మరోచోట

ఒక కణితికి రేడియేషన్ ఇస్తే, కిరణం సోకని మరో కణితి కూడా చిన్నదవడం అరుదుగా జరుగుతుంది. దీనికి 1953లోనే ఆర్.హెచ్. మోల్ ‘ఆబ్‌స్కోపల్ ప్రభావం’ అని పేరు పెట్టారు. చాలాకాలం దాన్నొక వింతగానే చూశారు. 2012లో న్యూయార్క్ వైద్యులు ప్రచురించిన ఒక కేసు మళ్లీ ఆసక్తి రేపింది. ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు వాడుతున్న మెలనోమా రోగికి వెన్ను పక్కనున్న గడ్డకే రేడియేషన్ ఇచ్చారు. కిరణం సోకకపోయినా తగ్గినవాటిలో ప్లీహంలోని గడ్డలూ ఉన్నాయి!

చనిపోతున్న క్యాన్సర్ కణాల నుంచి బయటపడే ప్రొటీన్లను ఆనవాలుగా పట్టుకుని టి-కణాలు దాడికి దిగుతాయి. వాటిమీద ఉన్న బ్రేకును మందు వదులు చేస్తుంది.

మరి ఇలాంటి మందుకు తోడుగా ప్రోటాన్, కార్బన్ అయాన్ కిరణాల మీద పరిశోధకులకు ఆశ ఎందుకు? ఎక్స్-కిరణం శరీరం అవతలికి దూసుకుపోతుంది. ఇవి మాత్రం శక్తిలో ఎక్కువ భాగాన్ని నిర్ణీత లోతులో వదిలి ఆగిపోతాయి. దాంతో చుట్టుపక్కల రక్తంలోని లింఫోసైట్లకు (టి-కణాలు వీటిలో ఒక రకం) దెబ్బ తగ్గుతుంది. కొద్దిపాటి రేడియేషన్‌కే చచ్చిపోయే కణాలివి, పోరాడాల్సిందీ ఇవే. కార్బన్ అయాన్లైతే డీఎన్‌ఏ రెండు పోగులనూ దగ్గరదగ్గరగా తెంపేస్తాయి. క్యాన్సర్ కణం వాటిని తిరిగి అతికించుకోవడం కష్టం.

జపాన్‌లోని చిబాలో 1994 నుంచే కార్బన్ చికిత్స ఉంది. చెన్నైలో ప్రోటాన్ కేంద్రం 2019లో మొదలైంది. అయితే ఈ కిరణాలకు ఇమ్యూనోథెరపీని జోడించే వైద్యం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఎవరో చెప్పారని అప్పుచేసి పరుగెత్తకండి, ముందు మీ ఆంకాలజిస్టును అడగండి.