నీళ్లా, గాలా? ముందు గది సంగతి చూడండి

హైదరాబాద్-వరంగల్ హైవే మీద పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. అక్కడ 2011లో వాడకంలోకి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ భవనాన్ని రెండు సమాన భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలుగా చల్లగాలి పంపే ఏసీ పెట్టారు. రెండో భాగంలో శ్లాబులో పైపులు పరిచి చల్లటి నీళ్లు తిప్పారు, లోపలివాళ్లు పీల్చుకోవడానికి కావలసినంత గాలి మాత్రం విడిగా పంపారు. రెండేళ్లు మీటర్లు పెట్టి లెక్క చూస్తే, చల్లబరచడానికి నీళ్ల వైపు కరెంటు సుమారు 34 శాతం తక్కువ ఖర్చయింది.

ఇది విన్నాక, మొదటి గేమింగ్ పీసీ కట్టుకోబోతున్నవారు ‘అయితే నాకూ లిక్విడ్ కూలింగే’ అనుకోవడం సహజం. నీటి బలం నిజమే. ఒక లీటరు నీరు మోసే వేడిని మోయాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి కావాలి. అయితే పోచారం భవనంలో పైపుల్లోని నీటిని చల్లబరచడానికి చిల్లర్లు ఉన్నాయి. పీసీలో చిల్లర్ ఉండదు. అందులో నీరు చేసేదల్లా ప్రాసెసర్ దగ్గరి వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్లడమే. అక్కడ ఊదేది ఫ్యాన్లు, ఆ వేడిని పుచ్చుకునేది మీ గదిలోని గాలి. అందుకే ఎంత ఖరీదైన లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా ఉంచలేదు.

గది వేడెక్కితే...

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పై అంతస్తులో, ఏసీ లేని గదిలో సాయంత్రం కూడా 36 డిగ్రీలు ఉండొచ్చు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. జనవరి రాత్రి 22 డిగ్రీల గదిలో 68 దగ్గర నడిచిన ప్రాసెసర్, అదే ఆటకు మే నెలలో 82 చూపిస్తుంది. కూలర్ మీద వచ్చిన సమీక్షలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేసినవి. వాటిలోని అంకెలకు మీ గది తేడా కలుపుకుని చదవండి.

పీసీ తాగిన కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. 400 వాట్లతో ఆట నడుస్తుంటే నాలుగు వంద వాట్ల పాత బల్బులు వెలిగించి తలుపు మూసుకున్నట్టే. కిటికీ కొంచెం తెరవడం, క్యాబినెట్‌ని గోడకు ఆనించకుండా జానెడు జరపడం పైసా ఖర్చు లేని కూలింగ్.

వాట్ల లెక్క

కూలర్‌ని ఎంచుకోవాల్సింది ప్రాసెసర్ వాట్లను బట్టి. ఏఎండీ రైజెన్ 5 7600 స్థాయి 65 వాట్లు. దాని పెట్టెలోనే చిన్న కూలర్ వస్తుంది, పని జరుగుతుంది, కాకపోతే చప్పుడు ఎక్కువ. గేమర్లు ఇష్టపడే రైజెన్ 7 7800ఎక్స్3డీ స్థాయి 120 వాట్లే అయినా, ఆటల్లో వాడేది అంతకంటే బాగా తక్కువ. ఇంటెల్ కోర్ ఐ9-14900కే మాత్రం పూర్తి భారం పడితే 253 వాట్ల దాకా వెళ్తుంది. వీడియో రెండరింగ్ లాంటి పనుల్లో ఈ భారం గంటల తరబడి ఉంటుంది.

ఆటలో అసలు వేడి గ్రాఫిక్స్ కార్డుది. ఆర్‌టీఎక్స్ 4070కి 200 వాట్లు, 4090కి 450 వాట్లు. ప్రాసెసర్ మీద బిగించిన కూలర్‌కి ఈ వేడితో సంబంధం లేదు. దాన్ని బయటికి తోయాల్సింది క్యాబినెట్ ఫ్యాన్లే. అందుకే ముందు జాలీ ఉన్న క్యాబినెట్, ఎదుట రెండు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి అనేది ఏ కూలర్‌కైనా పునాది. ఎదుట అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి అందంగానే ఉంటుంది, గాలి సరిగా ఆడనిస్తుందో లేదో చూసుకోవాలి.

గాలి కూలర్

రాగి హీట్ పైపులు, వాటికి అల్యూమినియం రేకులు, ఒకటో రెండో ఫ్యాన్లు. పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. కొనేముందు ఎత్తు చూడండి. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165. మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో దాని వివరాల్లో రాసి ఉంటుంది. ర్యామ్‌కి తగులుతుందా అన్నదీ చూడాలి. డీ15 లాంటివి కిలో పైనే తూగుతాయి. పండక్కి పీసీని బస్సులో ఊరికి తీసుకెళ్లేవాళ్లు అంత బరువైన కూలర్‌ని విప్పి పెట్టుకోవడం మదర్‌బోర్డుకి క్షేమం.

లిక్విడ్ కూలర్

మొదటి పీసీకి లిక్విడ్ అంటే కంపెనీయే నింపి మూసేసిన ఏఐఓ అనుకోండి. పైపులు కోసి, ద్రవం పోసి సొంతంగా అమర్చే కస్టమ్ లూప్ రెండో మూడో పీసీకి వదిలేయండి. ఏఐఓలో 240 అంటే రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, 360 అంటే మూడు. నీరు వేడెక్కడానికి కాసేపు పడుతుంది కాబట్టి ఫ్యాన్ల వేగం ఉన్నట్టుండి పెరగదు, చప్పుడు నిలకడగా ఉంటుంది. ప్రాసెసర్ చుట్టూ చోటు ఖాళీగా ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పంపు ఆగితే మొత్తం మార్చాలి. గొట్టాల గుండా ద్రవం ఏళ్ల మీద కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. లోపలి గాలి బుడగలు పంపులోకి చేరకుండా రేడియేటర్ పై భాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి. రేడియేటర్‌ని పైన బిగిస్తే గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి దాని గుండా పోతుంది. ఎదుట బిగిస్తే ప్రాసెసర్ వేడి కార్డు మీదికి వస్తుంది. మొదటి పీసీకి పైన బిగించడమే మేలు.

దుమ్ము

ఆ వరంగల్ హైవే మీదే ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాక ఆ దారిలో తిరిగేవారికి దుమ్ము గురించి ఒకరు చెప్పక్కర్లేదు. రోడ్డు పక్క ఇళ్లలో రేకుల మధ్య, రేడియేటర్ సందుల్లో దుమ్ము పేరుకుంటే గాలి, నీరు రెండూ ఓడిపోతాయి. గాలిని లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి పంపేవాటి కంటే ఎక్కువ ఉంటే గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము లాక్కోదు. నెలకోసారి ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి.

ఏది కొనాలి?

120 వాట్ల దాకా ప్రాసెసర్, ముఖ్యంగా ఆటలకే అయితే మంచి గాలి కూలర్ చాలు. 200 వాట్లు దాటే ప్రాసెసర్‌తో గంటల కొద్దీ రెండరింగ్ చేస్తే 360 ఏఐఓ కొనండి. మధ్యలో ఉన్నవారు వారంటీ ఎన్నేళ్లో, సర్వీస్ ఎక్కడ ఇస్తారో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కొనేముందే అడిగి తేల్చుకోండి. గాలి కూలర్‌తో మిగిలిన డబ్బు మంచి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మీదో, ఒక మెట్టు పై గ్రాఫిక్స్ కార్డు మీదో పెడితే ఆటలో ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది.