కళ్లద్దాలకు యాంటీ గ్లేర్.. ఎవరికి అవసరం?

కంటి పరీక్ష అయింది. ఫ్రేము నచ్చింది. అప్పుడే ఆప్టికల్స్ షాపులో అడుగుతారు: ‘మామూలు లెన్సా, యాంటీ గ్లేరా?’ రెండోదాని ధర ఎక్కువ. ‘అది లేకపోతే పిల్లాడి కళ్లు పాడవుతాయి’ అనే మాట చెవిన పడితే, ఏ అమ్మానాన్నా బేరమాడరు. కానీ ఈ కోటింగ్ వైద్యం కాదు, సౌకర్యం మాత్రమే. ఈ తేడా తెలిస్తే నిర్ణయం తేలిక.

అదేం చేస్తుంది?

మామూలు ప్లాస్టిక్ లెన్సుపై పడే వెలుతురులో సుమారు 8 శాతం లోపలికి వెళ్లకుండా వెనక్కి మళ్లుతుంది. ఎక్కువ పవరు వారికి వేసే పలుచని లెన్సుల్లో ఇది ఇంకా ఎక్కువ. జర్మనీలోని కార్ల్ జైస్ కంపెనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా 1935లో దీనికి ఉపాయం కనిపెట్టారు. లెన్సు మీద అతి పలుచని పొర వేస్తే, దాని పైనుంచి, అడుగు నుంచి తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇప్పటి మంచి కోటింగ్‌తో 99 శాతం దాకా వెలుతురు కంటికి చేరుతుంది.

అదేం చేయదు?

పవరు పెరగకుండా ఆపదు. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైటు వెలుగును తగ్గించదు. లెన్సులో కనిపించే దాని నీడలను మాత్రమే తగ్గిస్తుంది. ‘బ్లూ కట్’ పేరుతో అమ్మే లెన్సులు కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసటను తగ్గిస్తాయనడానికి 2023 నాటి కోక్రేన్ సమీక్షలో ఆధారం దొరకలేదు. స్క్రీను ముందు తరచూ రెప్పలు ఆర్పడం, ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడడం మేలు.

ఎవరికి మంచిది?

రాత్రిపూట నరసరావుపేట నుంచి మాచర్ల, గురజాల వైపు బండి నడిపేవారికి, ట్యూబులైటు కింద రోజంతా కంప్యూటర్ చూసేవారికి, ఎక్కువ పవరు ఉన్నవారికి పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది. ఇంట్లో పేపరు చదవడానికే అద్దాలు పెట్టుకునేవారికి తప్పనిసరి కాదు. ఆటల్లో పడేసే పిల్లలకైతే ముందు సులువుగా పగలని పాలీకార్బొనేట్ లెన్సు చూడండి. కోటింగ్ ఆ తర్వాత.

మన ఎండల్లో జాగ్రత్త

రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. వేడికి లెన్సు, కోటింగ్ ఒకేలా వ్యాకోచించవు. దాంతో పొర మీద సన్నని పగుళ్లు వస్తాయి. అందుకే కారు డ్యాష్‌బోర్డు మీద, ఎండలో నిలిపిన బండి డిక్కీలో అద్దాలు వదలకండి. వేడినీళ్లతో కడగకండి. పిడుగురాళ్ల సున్నపు దుమ్మయినా, పొలం దుమ్మయినా పొడిగా చీరకొంగుతోనో, తువ్వాలుతోనో తుడిస్తే గీతలు పడతాయి. ముందు మామూలు నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. కొనేటప్పుడే వారంటీ ఎంతో, కోటింగ్ రెండు వైపులా ఉందో లేదో అడగండి.

అసలు కారణం చూడండి

యాభై దాటాక రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నా, వెలుగు చెదిరినట్లున్నా కోటింగ్ కోసం వెళ్లకండి. అది శుక్లం కావచ్చు. శుక్లం ఆపరేషన్ ప్రభుత్వ వైద్యంలో ఉచితం. వలయాలతో పాటు కంటి నొప్పి, ఎరుపు, వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. అది నీటికాసులు కావచ్చు.

మధుమేహం ఉన్నవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. షుగర్ బాగా పెరిగినా, చికిత్సతో ఒక్కసారిగా తగ్గినా పవరు తాత్కాలికంగా మారుతుంది. ఆ సమయంలో చేయించిన అద్దాలు కొద్ది వారాలకే పనికిరాకుండా పోతాయి. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే పవరు చూపించుకోండి. ఏడాదికోసారి రెటీనా పరీక్ష కూడా చేయించుకోండి.

కాబట్టి మీ డబ్బు ముందు సరైన కంటి పరీక్షకు, తర్వాత సరైన లెన్సుకు పోనివ్వండి. ఇంకా మిగిలితే కోటింగ్ వేయించుకోండి. బడ్జెట్ సరిపోక మామూలు లెన్సు వేయించినా దిగులొద్దు. దానివల్ల మీ పిల్లల చూపు తగ్గదు.