దుబాయ్ కార్టన్‌లో వచ్చిన సద్ది చాక్లెట్

దుబాయ్ నుంచి మనిషి దిగాడంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల చూపంతా తాడుతో బిగించిన కార్టన్ మీదే. సెంటు సీసాలు, టైగర్ బామ్, పాలపొడి డబ్బాలు, మందపాటి దుప్పటి, వాటి సందుల్లో చాక్లెట్లు. ఇంటినిండా జనం ఉంటే కిట్‌క్యాట్‌కే గిరాకీ. గాడి వెంట గోరు గీసి వంచితే టక్కున విరుగుతుంది. నాలుగు పుల్లలు, నలుగురు పిల్లలు. రెండోది విప్పితే బీడీల చాట ముందేసుకుని కూర్చున్న పక్కింటావిడకూ ఒక పుల్ల.

ఈ చాక్లెట్ పుట్టిందే పనికి పోయేవాళ్ల కోసం. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో రౌంట్రీ అనే కంపెనీ ఉండేది. పనికి పోయే మనిషి సద్దితో పాటు పెట్టుకుపోయే చాక్లెట్ ఒకటి చేయండని అక్కడి కార్మికుడొకరు సలహాల పెట్టెలో చీటీ వేశాడని చెబుతారు. 1935లో 'చాక్లెట్ క్రిస్ప్' పేరుతో అది బజారుకెక్కింది. వెల రెండు పెన్నీలు. కంపెనీ 1911లోనే రిజిస్టర్ చేయించి పక్కన పెట్టుకున్న కిట్‌క్యాట్ పేరు దీనికి 1937లో కలిసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పాలకు కరువొచ్చింది. పాలు లేని ముదురు చాక్లెట్‌తోనే చేసి, ఎర్ర కాగితం తీసేసి నీలిది చుట్టారు. యుద్ధం ముగిశాక పాలూ వచ్చాయి, ఎరుపూ వచ్చింది. 1988లో రౌంట్రీని స్విట్జర్లాండ్ కంపెనీ నెస్లే కొనేసింది.

లోపలి సంగతి ఇంకా తమాషా. తయారీలో విరిగినవీ వంకరపోయినవీ పారేయరు. పొడి చేసి, వేఫర్ పొరల మధ్య పూసే ముద్దలో కలుపుతారు. కిట్‌క్యాట్ కడుపులో కిట్‌క్యాట్ అన్నమాట!

దుబాయ్ నుంచి ఊరు చేరేసరికి ఎండకూ బస్సు ఉక్కకూ చాక్లెట్ ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడుతుంది. పైన తెల్లటి పొర తేలుతుంది. బూజు పట్టిందని పారేసిన అవ్వలు లేకపోలేదు. అది బూజు కాదు, కోకో వెన్న విడిపోయి పైకొచ్చి గడ్డకట్టడం. నునుపు పోతుంది గానీ నిక్షేపంగా తినొచ్చు.

1995లో నెస్లే దీన్ని మన దేశంలోనూ మొదలుపెట్టింది, గోవాలోని పోండా ఫ్యాక్టరీలో. ఇప్పుడు గల్లీ కిరాణాలోనూ దొరుకుతుంది. అయినా కార్టన్‌లో దాని చోటు దానిదే. 'దుబాయ్‌దే మంచిగుంటది' అని పిల్లల తీర్పు. నమ్మకం కుదరకపోతే ఈసారి కార్టన్ విప్పినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి, వెనక చిన్న అక్షరాల్లో ఏమేం కలిపారో చదివి చూడండి.