చిరునామా పోయిన చిట్టా

2025వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీ దీపావళి. తెలుగునాట పండుగ వంటలు ముగిసి విస్తళ్లు వేయుచున్న వేళ, మధ్యాహ్నము 12 గంటల 18 నిమిషములకు, భూగోళమున కావలివైపున అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఒక మహా చిట్టా కనబడకుండ పోయినది. అక్కడ అప్పటికి తెల్లవారుజామున 2 గంటల 48 నిమిషములు. దొంగ రాలేదు; అగ్గి అంటుకొనలేదు; విద్యుత్తు ఆగలేదు. చిట్టాలోని పద్దులన్నియు ఉన్నచోటనే పదిలముగా ఉన్నవి. కాని ఆ చిట్టా ఎక్కడ ఉన్నదని అడిగినచో జవాబు చెప్పగల దిక్కు లేకపోయినది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు, దాదాపు మూడు గంటలపాటు ఒక మహా సంస్థ తన చేతనున్న వస్తువునకే దారి తప్పినది.

ఆ పూట స్నాప్‌చాట్ లో సందేశములు నిలిచినవి. రోబ్లాక్స్ ఆడు పిల్లలకు ఆట తెరుచుకొనలేదు. సిగ్నల్ మూగవోయినది. బ్రిటన్ లో లాయిడ్స్ బ్యాంకు ఖాతాదారులకు ఫోనులో తమ ఖాతాలు అందలేదు. డ్యువోలింగోలో పరభాషలు నేర్చుకొనువారి పాఠములు ఆగినవి. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయములు పాఠములకు, అభ్యాసములకు, మార్కులకు వాడుకొను కాన్వాస్ అను వ్యవస్థ పడిపోయినది. వీటిలో ఒకదానికొకటి చుట్టరికమేమియు లేదు. అన్నియు ఒకే యజమాని ఇంట అద్దెకున్నవి, అంతే.

కనబడకుండ పోయిన ఆ చిట్టా పేరు డైనమోడీబీ. అమెజాన్ సంస్థ 2012 జనవరిలో దానిని ఇతరులకు అద్దెకిచ్చుట ప్రారంభించినది. పాఠశాలకు హాజరుపట్టీ, మార్కుల జాబితా, జీతముల రిజిస్టరు ఎట్టివో, ఒక వ్యాపారమునకు గాని, ఫోనులోని ఒక ఆటకు గాని డేటాబేసు అట్టిది. ఎవరు వచ్చినారు, ఎవరెంత చెల్లించినారు, ఎవరి మాట ఎవరికి చేరవలెను అను సమస్తమును అందులోనే వ్రాయబడును. వెనుక ప్రతి సంస్థయు తన చిట్టాను తన యింటనే దాచుకొనెడిది. ఇప్పుడు పెక్కు సంస్థలు ఆ పనిని అద్దె ఇండ్లకు అప్పగించినవి. దీనికే క్లౌడు, అనగా మేఘము, అని పేరు. ఈ పేరులో కవిత్వమున్నంతగా సత్యము లేదు. ఈ చిట్టాలుండునది ఆకాశమున గాదు. రేయింబవళ్లు విద్యుత్తు నారగించుచు, ఆ వేడిని చల్లార్చుకొనుటకు ఆయాసపడుచుండు పెద్ద పెద్ద భవనములలో.

అద్దెకిచ్చువారు అశ్రద్ధ చేయుచున్నారనుటకు వీలులేదు. వ్రాసిన ప్రతి పద్దును వేరు వేరు భవనములలో మూడు ప్రతులుగా దాచుదురు. 2021లో 66 గంటలపాటు సాగిన అమెజాన్ వారి ప్రైమ్ డే అమ్మకములో, రద్దీ పతాకస్థాయికి చేరినప్పుడు ఈ చిట్టా సెకనుకు 8 కోట్ల 92 లక్షల అభ్యర్థనలకు జవాబు చెప్పినది. నెలలో నూటికి 99.99 పాళ్లు పనిచేయునని సంస్థ హామీ ఇచ్చును. విద్యార్థులు లెక్క కట్టవచ్చును: 31 రోజుల అక్టోబరులో 44,640 నిమిషములు, హామీ ప్రకారము ఆగదగినది నాలుగున్నర నిమిషములకు లోపు. ఆనాడు ఆగినది 172 నిమిషములు. హామీ తప్పినప్పుడు అద్దెలో కొంత మినహాయింతురు. ఆ పూట పోయిన బేరమునకు, చదువునకు మినహాయింపు లేదు.

ఇంతకును జరిగినదేమి? మనుష్యులకు పేర్లు గుర్తుండును; యంత్రములకు అంకెలు కావలెను. పేరు చెప్పినచో అంకె చెప్పు చిరునామాల పుస్తకమును డీఎన్ఎస్ అందురు. డైనమోడీబీకి ఒక్కొక్క ప్రాంతములోను లక్షలాది చిరునామా పద్దులున్నవి. ఏ ద్వారమువద్ద రద్దీ హెచ్చినది, ఏ ద్వారము మూతబడినది చూచుకొని క్షణక్షణము దిద్దుట మానవమాత్రుల వల్ల కాదు. కాబట్టి ఆ పనిని ప్రోగ్రాములకు అప్పగించినారు. ప్లానర్ అను గుమాస్తా ఎప్పటికప్పుడు క్రొత్త జాబితా తయారుచేయును. ఎనాక్టర్ అను గుమాస్తా దానిని చిరునామాల పుస్తకములోనికి ఎక్కించును. ఒకడు పడిపోయినను పని ఆగరాదని, వేరు వేరు భవనములలో ముగ్గురు ఎనాక్టర్లను నియమించినారు. ముగ్గురును ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ పనిచేయుదురు.

ఆనాడు ఆ ముగ్గురిలో ఒకనికి పని మందగించినది. చేతిలోని జాబితా క్రొత్తదేనా అని వాడు మొదట చూచుకొన్నాడు. అప్పటికి అది క్రొత్తదే. కాని ఒక్కొక్క పద్దు ఎక్కించుటలో జాప్యమై, వాడు తడవుకొనుచుండగా ప్లానర్ అనేక క్రొత్త జాబితాలు వ్రాసినాడు. రెండవవాడు చురుకైనవాడు. సరిక్రొత్త జాబితాను చకచక ఎక్కించి, ఇల్లు ఊడ్చినట్లు పాత జాబితాలను చింపివేయుటకు పూనుకొన్నాడు. సరిగా అదే క్షణమున మందకొడివాడు ముఖ్య ద్వారమువద్దకు వచ్చి, తన చేతనున్న పాత జాబితాను క్రొత్తదానిపై అంటించినాడు. వాడు చేసిన తనిఖీకి కాలదోషము పట్టినదని వానికి తెలియదు. అంటించిన మరుక్షణమే రెండవవాడు, పాతదిగదా అని, దానిని చింపివేసినాడు. ద్వారము పేరు మిగిలినది. ఎదురుగా అంకెల గడి ఖాళీ. ఆపై ఏ ఎనాక్టరును దిద్దజాలని చిక్కు పడినది. ఇద్దరిలో తప్పు చేసినవాడెవడు? ఎవని పని వాడు చెప్పినట్లే చేసినాడు. జాగ్రత్తకొరకు పెట్టిన రెండవ చేయియే మొదటి చేయి వ్రాసినదానిని తుడిచినది.

మధ్యాహ్నము 1 గంట 8 నిమిషములకు ఇంజనీర్లకు కారణము దొరికినది. 2 గంటల 55 నిమిషములకు మనుష్యులే చేతులతో చిరునామాలను తిరిగి నింపినారు. లోకమందలి యంత్రములు దాచుకొన్న ఖాళీ జవాబులకు గడువు తీరుటకు మరి పావుగంట పట్టినది. 3 గంటల 10 నిమిషములకు చిట్టా తెరుచుకొన్నది.

ఇక్కడితో కథ ముగియవలసినది. అసలు పాఠము ఇక్కడ మొదలైనది.

అమెజాన్ చిట్టాలనే గాక పూర్తి కంప్యూటర్లను గూడ అద్దెకిచ్చును. వాటి మేనేజరు ప్రోగ్రాము ఒక్కొక్క యంత్రముతో కౌలు ఒప్పందము వంటిది పెట్టుకొని, కొద్ది నిమిషములకొకసారి దానిని తిరగ వ్రాయుచుండును. ఆ పనికి డైనమోడీబీ కావలెను. చిట్టా మూతబడిన మూడు గంటలలో కౌళ్లు ఒకటొకటిగా చెల్లిపోయినవి. చిట్టా తెరుచుకొనగానే అన్నిటిని ఒకేసారి వ్రాయుటకు పూనుకొన్నారు. ట్రెజరీ కిటికీ దృశ్యము తెలిసినవారికి ఇది వింత గాదు. వరుస ఎంత పొడవైనదనగా, బిల్లు గుమాస్తా చేతికి వచ్చులోపలనే దాని గడువు తీరును. మరల వరుస చివర నిలువవలెను. గుమాస్తా క్షణము తీరిక లేక పనిచేయుచునే యుండును. ఒక్క బిల్లును చెల్లదు. సాయంత్రము 4 గంటల 44 నిమిషములకు ఇంజనీర్లు క్రొత్తగా వచ్చు పనిని తగ్గించి, పేరుకొన్న వరుసలను చెరిపి, యంత్రములను కొన్ని కొన్నిగా తిరిగి నడిపించుట మొదలుపెట్టినారు. తెలుగునాట ముంగిళ్లలో ప్రమిదలు వెలుగు వేళకు, 5 గంటల 58 నిమిషములకు, కౌళ్లన్నియు కుదురుకొన్నవి. అయినను యంత్రముల అద్దె సేవ పూర్తిగా చక్కబడునప్పటికి తెల్లవారితే 21వ తేదీ, 2 గంటల 20 నిమిషములైనది. గాయము మూడు గంటలది. జ్వరము పదునొకండు గంటలది.

ఇది క్రొత్త జబ్బు గాదు. 2015 సెప్టెంబరు 20వ తేదీన ఇదే ప్రాంతములో, ఇదే చిట్టాకు, స్వల్పమైన నెట్‌వర్కు అంతరాయము కలిగినది. అది వెంటనే తొలగినది. కాని ఆ కాస్తలో దారితప్పిన సర్వర్లు, ఏ పద్దులు తమవో తెలుసుకొనుటకై ఒక్కటే కేంద్రముపై విరుచుకొని పడినవి. జవాబు ఆలస్యమైన కొలదిని మరల మరల అడిగినవి. కేంద్రమునకు సహాయముగా క్రొత్త యంత్రములను చేర్చవలెనన్నను, ఆ ఆజ్ఞ వినుటకే దానికి తీరిక లేకపోయినది. చివరకు అడుగువారిని కొంతసేపు పూర్తిగా ఆపివేసి, ఆ నిశ్శబ్దములో బలము చేర్చి, మరల ద్వారము తెరచినారు.

కాబట్టి అద్దెకున్నవాడు మొదట నేర్వవలసినది అడుగు పద్ధతి. జవాబు రానప్పుడు ఒక సెకను ఆగి అడుగవలెను. రానిచో రెండు, తరువాత నాలుగు, ఎనిమిది, పదునారు సెకనులు ఆగవలెను. ఇది గుణశ్రేఢి. కాని ఇందులోను ఒక మోసమున్నది. ఒకే క్షణమున మొదలుపెట్టిన లక్షమంది ఇట్లే ఆగినచో, లక్షమందియు మరల ఒకే క్షణమున వత్తురు. మధ్యాహ్నము గంట కొట్టగానే బడిలోని ఒక్క కుళాయి చుట్టు ముసురు పిల్లలను చూచిన ఉపాధ్యాయులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత ప్రతి యంత్రమును పాచికలు వేసినట్లు తన విరామమునకు యాదృచ్ఛికముగా కొంత కలుపుకొనవలెను. కొన్ని సార్లు తప్పిన పిమ్మట అడుగుట మాని, తన వద్దనున్న పాత ప్రతితోనే పని జరుపుకొనుటయు మర్యాదయే.

రెండవది ప్రతి. ఒక ఊరిలోని చిట్టాకు నకలు మరియొక ఊరిలో నుంచవచ్చును. అమెజాన్ వారి భవనసముదాయము 2016లో ముంబాయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను ప్రారంభమైనది. ఒకచోటి చిట్టాను రెండవచోట ప్రతిగా నిలుపుకొనుటకు సౌకర్యమున్నది. 2025 అక్టోబరు 20న ఇతర ప్రాంతములలో ప్రతులున్నవారు వాటిని వాడుకొనగలిగినారు. అయితే వర్జీనియా ప్రతికి, మిగిలిన ప్రతులకు మధ్య పద్దుల రాకపోకలు చాల ఆలస్యమైనవి. ఇక్కడనే అసలు చిక్కు. రెండు గదులలో రెండు హాజరుపట్టీలు పెట్టి, మధ్య తలుపు మూసినచో, రెంటిలోను వ్రాయనిత్తురా? వ్రాయనిచ్చినచో రేపు రెండును పొసగకపోవచ్చును. వ్రాయనీయకున్నచో పని ఆగును. డైనమో అను మూలవ్యవస్థను గూర్చి 2007లో వెలువడిన అమెజాన్ వారి పత్రము, అంగడి బుట్ట విషయములో నిస్సంకోచముగా మొదటి దారి త్రొక్కినది: కొనువాడు బుట్టలో వేయుచున్న సరకును ఎన్నడును కాదనరాదు, పొరపాటులు తరువాత దిద్దుకొనవచ్చును. బ్యాంకు నిలువకు ఆ ఔదార్యము పనికిరాదు. ఒకే రూపాయిని రెండు కిటికీలలో చెల్లించుటకంటె రెండు కిటికీలు మూయుటయే మేలు. పరీక్ష మార్కులు ఈ రెంటిలో దేనికి చెందునో ప్రధానోపాధ్యాయుడే నిర్ణయించుకొనవలెను. యంత్రము ఆ నిర్ణయము చేయదు.

ప్రతి యున్నది గదా అని నిదురపోవుటయు ప్రమాదమే. 2017 జనవరి 31వ తేదీ రాత్రి, ప్రోగ్రాములు వ్రాయువారు తమ పనిని దాచుకొను గిట్‌ల్యాబ్ సంస్థలో, ఒక ఉద్యోగి రెండవ సర్వరులో చెరుపవలసిన దస్త్రములను పొరపాటున అసలు సర్వరులో చెరుపబోయినాడు. ఒకటి రెండు సెకనులలో ఆపివేసినాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలినది. ఆ సంస్థలో నకలు తీయు ఏర్పాట్లు ఒకటి గాదు, అయిదున్నవి. ఒక్కొక్కటి తెరచి చూచినారు. నిత్యము నకలు తీయవలసిన ప్రోగ్రాము, డేటాబేసునకు సరిపడని పాత వెర్షను నడుచుచున్నందున, ఎంతోకాలముగా ఏమియు తీయుటలేదు. నకళ్ల పెట్టె ఖాళీ. తప్పిపోయినదని హెచ్చరించు ఉత్తరములు వెళ్లుచునే యున్నవి, కాని తపాలా నియమములకు సరిపడక చేరలేదు. చివరకు దక్కినది, ఎవరో వేరొక పనికై ఆరు గంటల ముందు చేతితో తీసియుంచిన నకలు. ప్రోగ్రాముల మూలము చెడలేదు గాని, ఆ ఆరు గంటలలోని సుమారు 5,000 ప్రాజెక్టుల నమోదులు, 5,000 వ్యాఖ్యలు, 700 క్రొత్త ఖాతాలు పోయినవి. ఆ సంస్థ దాచలేదు. చక్కదిద్దు పనిని యూట్యూబులో లోకమునకు ప్రత్యక్షముగా చూపినది, ఉద్యోగిని బలిపెట్టలేదు. ఈ నిజాయితీ పెద్ద పెద్ద కార్యాలయములలో అరుదు.

అసలు నకలే లేనివారి గతి ఇంకొకటి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజోన్ లో ప్రభుత్వ సమాచార కేంద్రము అగ్నికి ఆహుతియైనప్పుడు, ప్రభుత్వోద్యోగులు దస్త్రములు దాచుకొను జీ-డ్రైవు అను క్లౌడులోని 858 టెరాబైట్లు పోయినవి. మరీ పెద్దదగుటచేత దానికి బయట నకలు తీయలేదని చెప్పినారు.

నకలు తీయుట వేరు, తీసినదానిని తిరిగి నిలబెట్టుట వేరు. రెండవదానిని నెలకొకసారియైనను చేసి చూచువారు కొద్దిమంది. 2015 సెప్టెంబరు 20నాటి స్తంభనలో సినిమాలు చూపు నెట్‌ఫ్లిక్స్ సంస్థ పెద్దగా ఇబ్బంది పడలేదు. వారికి అంతకు కొన్నేండ్ల మునుపటినుండియు ఒక వింత అలవాటు. కేయాస్ మంకీ, అనగా అల్లరి కోతి, అను ప్రోగ్రామును తమ యింటిలోనే విడిచిపెట్టి, పని వేళలలో, ఇంజనీర్లు కుర్చీలలో నుండగనే, తమ సర్వర్లను తామే ఆర్పుకొనుచుండిరి. తరువాత ఒక ప్రాంతము మొత్తము లేనట్లు నటించి, ప్రేక్షకులను మరియొక ప్రాంతమునకు మళ్లించుట గూడ సాధన చేసినారు. ఆ ఆదివారము ఉదయము నటన నిజమైనది. వర్జీనియాలో చిట్టా మూతబడగా, వారు అలవాటు ప్రకారము ప్రేక్షకులను మిగిలిన ప్రాంతములకు మళ్లించినారు.